ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ 13 ఏళ్ళు ఎన్‌పీఎస్ కట్టాను: చివరికి చేతికి వచ్చింది ఇదీ

నేను గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పి 2024 మేలో రిటైరయ్యాను. ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) గురించి తెలుగులో రాసేవాళ్ళు ఎక్కువగా గవర్నమెంటు లెక్చరర్ల సీపీఎస్ (ఉద్యోగీ ప్రభుత్వమూ కలిసి కట్టే పెన్షన్ పథకం) గురించే రాస్తారు. వాళ్ళ బాధ నిజమే. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకు పాత పెన్షన్ పోయింది. అయినా వాళ్ళు కట్టిన 10 శాతానికి ప్రభుత్వం తన వాటా జత చేస్తుంది. మాకు ఆ జత కూడా లేదు. మా జేబులోంచి మేమే కట్టుకోవాలి. అందుకే నా లెక్కలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఖాతా తెరిచింది 2011లో, అప్పటికి నాకు 47 ఏళ్ళు. ఆలస్యమే. అంతకు ముందు 'పీఎఫ్ ఉందిగా' అనుకునేదాన్ని. ఆ ఏడాది ఒకరోజు పే స్లిప్ తీసి, నా పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కాదు, 6,500 మీదే కడుతున్నారని చూసుకున్నాను. అది చట్టవిరుద్ధమేమీ కాదు, అప్పటి పరిమితి అంతే. 2014 సెప్టెంబరు నుంచి 15,000 అయింది. పీఎఫ్‌లో వచ్చే పెన్షన్ లెక్క కూడా ఆ పరిమితి మీదే: జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. నేను పిల్లలకు రోజూ చెప్పే లెక్కల కన్నా ఇది తేలిక. వేసి చూసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట నెలకు 2,000 కట్టాను. 2015-16 నుంచి ఆదాయపన్ను సెక్షన్ 80సీసీడీ(1బి) కింద అదనంగా 50,000 మినహాయింపు వచ్చాక ఏడాదికి 50,000 చేశాను. డబ్బు దేంట్లో ఎంత పెట్టాలో మనమే చెప్పే ఆక్టివ్ ఛాయిస్‌లో షేర్లకు సగం, మిగతా సగం ప్రభుత్వ బాండ్లకు, కంపెనీ బాండ్లకు పెట్టుకున్నాను. మొత్తం నేను కట్టింది 5 లక్షల 38 వేలు. 60 ఏళ్ళు నిండేనాటికి 9 లక్షల 60 వేలు అయింది. ఫండ్ నిర్వహణ ఖర్చు నా చివరి మూడేళ్ళలో నూటికి ఏడాదికి 9 పైసలు దాటలేదు. ఇంత తక్కువకు మన డబ్బు చూసిపెట్టేది ఇంకొకటి నాకైతే కనిపించలేదు.

అన్నిటికన్నా నన్ను ఆదుకున్నది ఎన్‌పీఎస్‌కున్న తాళం, అంటే మధ్యలో డబ్బు తేలిగ్గా తీయనివ్వకపోవడం. ప్రైవేటు కాలేజీల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫీజులు రాలేదంటూ రెండు మూడు నెలలు జీతం ఆగుతుంది. అప్పుడు ఎఫ్‌డీ ఉంటే విరిచేస్తాం, చీటీ ఉంటే పాడేస్తాం, బంగారం ఉంటే తాకట్టు పెడతాం. 2020లో లాక్‌డౌన్ వచ్చి మాకు సగం జీతమే ఇచ్చారు. అబ్బాయి ఫీజు కట్టాలి. ఒకరోజు రాత్రి ఫోన్లో ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా నంబరు) కొట్టి ఖాతా తెరిచి చూస్తే, మార్కెట్ పడిపోయి నిధి దాదాపు 60 వేలు తగ్గి కనిపించింది. గుండె జారిపోయింది. పిల్లల చదువుకు మధ్యలో తీసుకోవచ్చు, కానీ మనం కట్టిన దాంట్లో 25 శాతమే. నాకు 84 వేలు వస్తాయి. మా ఆయన 'తీసేద్దాం, ఉన్నదీ పోయేట్టుంది' అన్నారు. నాకూ అలాగే అనిపించింది. చివరికి మా తమ్ముడి దగ్గర చేబదులు తీసుకున్నాం. ఆ ఏడాది చివరికల్లా నిధి మళ్ళీ పైకి వచ్చింది. ఆ డబ్బు మామూలు బ్యాంకు ఖాతాలో ఉండి ఉంటే ఒక్క పూటలో తీసేసేదాన్ని.

ఇక నచ్చనిది, యాన్యుటీ, అంటే బీమా కంపెనీకి ఒకేసారి డబ్బు కట్టి నెలనెలా తీసుకునే పెన్షన్. అప్పటి నిబంధన ప్రకారం 60 శాతం చేతికిచ్చారు, 5 లక్షల 76 వేలు, పన్ను లేకుండా. మిగతా 3 లక్షల 84 వేలతో యాన్యుటీ కొనాల్సిందే. నా తర్వాత పెన్షన్ మా ఆయనకు, ఆ తర్వాత కట్టిన అసలు మొత్తం అబ్బాయికి వచ్చే రకం తీసుకున్నాను. నెలకు 2,140 వస్తోంది. ఇది బతికున్నంతకాలం ఇంతే, ధరలు పెరిగినా ఒక్క రూపాయి పెరగదు, పైగా దీన్ని ఆదాయంలో చూపించాలి. 2025 డిసెంబరులో ప్రైవేటు ఖాతాదారులకు నిబంధన మార్చారు. పెద్ద నిధి ఉన్నవాళ్ళు కూడా కనీసం 20 శాతానికి యాన్యుటీ కొంటే చాలు. 60 నిండగానే బయటకు రానక్కర్లేదని, 75 దాకా ఖాతా ఉంచుకోవచ్చని నేను రిటైరైనప్పుడే ఉంది. నేను తొందరపడ్డాను. 60 దగ్గరపడినవాళ్ళు, డబ్బు వెంటనే అవసరం లేకపోతే, ఆగండి.

డబ్బు తీసుకునేటప్పుడు పడ్డ టెన్షన్ కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాను, బ్యాంకు ఖాతా సరిచూసే దగ్గర ఆగిపోయింది. కారణం నా ఇంటిపేరు. ప్రాన్ కార్డులో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంది, పేరుకి ముందు. బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పేరుకి తర్వాత. ఆధార్‌లో పూర్తిగానే ఉంది, కానీ ముందు. మూడు చోట్లా నేనే! బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి సర్వర్ లేదన్నారు, ఒకసారి ఆ సీటులో ఆమె సెలవన్నారు. మొత్తం 3 వారాలు పట్టింది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల తెలుగువాళ్ళలో ఎంతమందికి ఈ చిక్కు వస్తుందో! ఉద్యోగంలో ఉండగానే మూడూ ఒకేలా చేయించుకోండి.

పీఎఫ్ గురించి ఒక్క మాట. మన దగ్గర జూన్ వస్తే లెక్చరర్లు కాలేజీలు మారతారు, మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకుంటారు. పదేళ్ళ సర్వీసు లేకపోతే పెన్షనే రాదు. నేను 2010లో మారినప్పుడు పాత ఖాతాని ఫారం 13 పెట్టి మార్పించుకున్నాను. అందువల్ల 58 ఏళ్ళకు 18 ఏళ్ళ సర్వీసు లెక్కకొచ్చి నెలకు 2,600 పెన్షన్ వస్తోంది. చిన్న మొత్తమే, కానీ ఆపకుండా వచ్చేది.

గ్రాట్యుటీ అడిగితే ఆఫీసులో 'టీచింగ్ స్టాఫ్‌కి అది ఉండదండీ' అన్నారు. చాలామంది ఆ మాట విని ఇంటికి వెళ్ళిపోతారు. 2009లో చట్టం సవరించి టీచర్లను కూడా చేర్చారు, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తీర్పు ప్రింటు తీసుకెళ్ళి, గ్రాట్యుటీ దరఖాస్తు 'ఫారం I' జతచేసి, రసీదు మీద స్టాంపు వేయించుకున్నాను. నాలుగు నెలలకు 2 లక్షల 58 వేలు వచ్చాయి. చివరి బేసిక్ 32,000, ఆ కాలేజీలో 14 ఏళ్ళు. 15 రోజుల జీతం చొప్పున, నెలకు 26 రోజులుగా లెక్క.

ఎన్‌పీఎస్‌లో చేతికొచ్చింది, పీఎఫ్, గ్రాట్యుటీ, ఇంట్లో ఉన్న కాస్త కలిపి 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశాను. 8.2 శాతం. మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. నెలకు చూసుకుంటే 10,250. రెండు పెన్షన్లూ కలిపితే 15 వేలకు పది రూపాయలు తక్కువ. చివరి జీతం చేతికి 46 వేలు వచ్చేది. మా ఆయన కొట్టు నడుస్తోంది, సొంత ఇల్లు ఉంది కాబట్టి గడుస్తోంది. ఒక్కదాన్నే అయి, అద్దె ఇంట్లో ఉంటే ఈ డబ్బుతో బతకలేను. ఈ మాట దాచడం నాకిష్టం లేదు.

ఎన్‌పీఎస్‌కి నేను ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నర యాన్యుటీకి, తిప్పిన తిరుగుళ్ళకి. డబ్బు చాలకపోవడం దాని తప్పు కాదు. 47కి మొదలుపెట్టి, మొదట్లో నెలకు 2,000 వేస్తే ఏ పథకమైనా ఇంతకన్నా ఏమిస్తుంది?

నా జూనియర్ ఒకమ్మాయి, 29 ఏళ్ళు, మొన్న అడిగింది: 'మేడమ్, కొత్త పన్ను విధానంలో ఆ 50,000 మినహాయింపు లేదు కదా, ఇంకెందుకు ఇది?' నిజమే, అది లేదు. కానీ యజమాని వాటాగా కాలేజీ కడితే, బేసిక్‌లో 14 శాతం దాకా కొత్త విధానంలోనూ పన్ను ఉండదు. మేనేజ్‌మెంట్ కొత్తగా ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు. ఇస్తున్న జీతంలోనే ఆ భాగాన్ని విడదీసి, కాలేజీ పేరున నమోదు చేయించి కడితే చాలు. ఈ సంగతి చెప్పగానే ఆ అమ్మాయి స్టాఫ్ రూములో కూర్చుని అర్జీ రాసింది, ఏడుగురు సంతకాలు పెట్టారు. కాలేజీ ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే సోమవారం మళ్ళీ అడుగుతామంటున్నారు, ఈసారి నన్ను కూడా రమ్మన్నారు. వెళ్తున్నాను.