మలంలో రక్తం: ఇంటి వైద్యమా, బ్యాండా, లేజరా, కోతా? ఏది మేలు?

మలవిసర్జనలో ఎర్రటి రక్తం కనిపిస్తే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ‘వేడి చేసింది’. మజ్జిగ తాగిస్తారు, సబ్జా గింజలు నానబెడతారు, నాలుగు రోజులు కారం మాన్పిస్తారు. రక్తం ఆగితే అక్కడితో మరిచిపోతారు. ఆగకపోతే ‘మొలలు’ అని తామే పేరు పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి భరిస్తారు. ఇక భరించలేమనుకున్నాక, ‘ఆపరేషన్ లేకుండా మొలలకు శాశ్వత చికిత్స’ అని గోడ మీద రాసిన నంబరుకు ఫోను చేస్తారు.

ఇంత దూరం వచ్చినా ఆ చోటును పరీక్షించినవారు ఒక్కరూ లేరు. నా ఆందోళనంతా దాని గురించే. బ్యాండు మేలా లేజర్ మేలా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు అవి మొలలేనా అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈ పోలికను చికిత్సలతో కాకుండా రక్తంతోనే మొదలుపెడతాను.

మొలలా, చీలికా, మరొకటా?

మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి కణజాలం అందరికీ ఉంటుంది. అది ఉబ్బి కిందికి జారితే మొలలు అంటాం. లోపలి మొలల నుంచి వచ్చే రక్తం మెరిసే ఎరుపులో ఉంటుంది. మలం పడ్డాక చుక్కలుగా కారుతుంది, ఒక్కోసారి చిమ్ముతుంది. నొప్పి సాధారణంగా ఉండదు, ఎందుకంటే ఆ భాగంలో నొప్పిని తెలిపే నరాలు లేవు.

చీలిక, అంటే ఫిషర్, దీనికి భిన్నం. గట్టి మలం వల్ల మలద్వారం అంచు చర్మం చిట్లుతుంది. రక్తం కొద్దిగానే, మలం మీద ఒక చారలా ఉంటుంది. కానీ కోసినట్టు నొప్పి. అది మలవిసర్జన అయ్యాక కూడా గంటల తరబడి ఉండవచ్చు. ఆ భయంతో మరుగుదొడ్డికి వెళ్లడం వాయిదా వేస్తారు, మలం మరింత గట్టిపడుతుంది, మళ్లీ చిట్లుతుంది. నొప్పితో వచ్చేవారిలో చాలామంది తమకు మొలలున్నాయని చెబుతారు. పరీక్షలో బయటపడేది తరచూ చీలికే. దీనికి మలాన్ని మెత్తబరచడంతో పాటు బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ లేదా నైట్రోగ్లిజరిన్ పూత రాస్తారు. మొలల మందు రాసుకుంటూ కూర్చుంటే చీలిక మానదు.

బయటి మొలలో రక్తం గడ్డకడితే ఉన్నట్టుండి నీలిరంగు బొడిపె లేస్తుంది, కూర్చోలేనంత నొప్పి పెడుతుంది. మొదటి 72 గంటల్లో వెళితే చిన్న కోతతో దాన్ని తీసేసి ఉపశమనం కలిగించే వీలుంది. ఆ గడువు దాటితే నొప్పి తనంతట తానే తగ్గడం మొదలవుతుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, నొప్పి మాత్రలే మేలు.

ఇక మూడోది. రక్తం మలంలో కలిసిపోయి ఉండటం, ముదురు రంగులో ఉండటం, జిగురుతో కలిసి రావడం. ఇవి పెద్దపేగు పూత, అమీబిక్ విరేచనాలు, పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బొడిపెలు), క్యాన్సర్ వంటి వాటిని సూచించవచ్చు. మలం నల్లగా, బంకగా, దుర్వాసనతో వస్తే రక్తం జీర్ణాశయం నుంచో చిన్నపేగు మొదటి భాగం నుంచో వస్తోందని అనుమానించాలి. అయితే ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లబడుతుంది. బీట్‌రూట్ తిన్న మర్నాడు ఎర్రగా వస్తుంది. ముందు ఈ రెంటినీ గుర్తు చేసుకోండి.

ఈ తేడాలు దారి చూపుతాయే గాని తీర్పు చెప్పవు. పెద్దపేగు చివరి భాగంలో ఉన్న క్యాన్సర్ కూడా అచ్చం మొలల్లాగే ఎర్రటి రక్తం కార్చగలదు. మొలలు చాలా మామూలు జబ్బు కావడంతో ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. మొలలు కనిపించాయి కదా అని అక్కడితో ఆగిపోవడం వల్ల రెండోది ఆలస్యంగా బయటపడుతుంది.

ఆగి చూడటమా, వెంటనే వెళ్లడమా?

చిన్న వయసులో, మలబద్ధకం ఉన్న రోజుల్లో, గట్టి మలంతో నాలుగు చుక్కలు పడి, మరే ఇబ్బందీ లేకపోతే వారం రోజులు ఇంటి జాగ్రత్తలు పాటించి చూడటంలో తప్పులేదు. వారం దాటినా రక్తం వస్తుంటే, లేదా ఆగి మళ్లీ మొదలైతే పరీక్షకు వెళ్లాలి.

కొందరు ఆ వారం కూడా ఆగకూడదు. 45 ఏళ్లు దాటాక మొదటిసారి రక్తం చూసినవారు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు, మూడు నాలుగు వారాలుగా మలవిసర్జన అలవాటు మారినవారు, వెళ్లి వచ్చినా ఇంకా మిగిలినట్టే అనిపించేవారు, తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న స్త్రీలకు కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, మలద్వారం నుంచి రక్తం రావచ్చు. దాన్ని మొలలనుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకోకూడదు. పిల్లల్లో నొప్పి లేకుండా రక్తం పడితే చాలాసార్లు కారణం పాలిప్, మొలలు కావు.

రక్తం గడ్డలుగా పడుతున్నా, ఆగకుండా కారుతున్నా, కళ్లు తిరుగుతున్నా, గుండె దడగా ఉన్నా, మలం నల్లగా బంకగా వస్తున్నా 108కి ఫోను చేయాలి. కాలేయ జబ్బు ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు రక్తస్రావం కొద్దిగా ఉన్నా ఆ రోజే వైద్యుడిని కలవాలి. కాలేయం గట్టిపడినవారిలో మలద్వారం లోపల కనిపించే రక్తనాళాల ఉబ్బు మొలలు కాకపోవచ్చు. అక్కడ బ్యాండు వేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

రక్తహీనత సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే కారణం నెలసరే అనుకుని ఐరన్ మాత్రలు ఇచ్చి పంపుతారు. ఏళ్ల తరబడి కారే మొలల వల్ల కూడా రక్తం తగ్గుతుంది. అలాగే పెద్దపేగు కుడివైపు గడ్డ కంటికి కనిపించకుండానే రక్తం కారుస్తుంది. అక్కడ మొదటి లక్షణం అలసట, పాలిపోవడం మాత్రమే కావచ్చు. నెలసరి ఆగిపోయిన స్త్రీకి, లేదా ఏ వయసు మగవాడికైనా ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే, ఆ రక్తం ఎటు పోతోందో వెతికి తీరాలి. మాత్రలతో అంకె పెరిగిందని వెతకడం ఆపకూడదు.

అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లు నిండిన వారందరినీ, ఏ లక్షణం లేకపోయినా, పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష చేయించుకోమంటున్నారు. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఆ కబురు డాక్టరు నుంచే అందుతుంది. మన దేశంలో ప్రభుత్వం చేసే సాధారణ క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికే. పెద్దపేగుకు లేదు. అంటే ఇక్కడ చాలామందికి ఆ రక్తపు చుక్కే మొదటి హెచ్చరిక. దాన్ని కూడా ‘వేడి’ ఖాతాలో వేసేస్తే ఇక హెచ్చరించేది ఏదీ ఉండదు.

ఏ పరీక్ష?

జనం భయపడేది కొలనోస్కోపీకి, అంటే కెమెరా ఉన్న పొడవాటి గొట్టంతో పెద్దపేగంతా చూసే పరీక్షకు. నిజానికి మొదటి పరీక్ష గ్లవ్ తొడుక్కున్న వేలితో, ప్రోక్టోస్కోప్ అనే చిన్న గొట్టంతో జరుగుతుంది. కొన్ని నిమిషాల పని. జనరల్ సర్జన్ ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా చేస్తారు. మొలలు ఏ దశలో ఉన్నాయో దీనితోనే తెలుస్తుంది. తీవ్రమైన నొప్పితో చీలిక ఉంటే అప్పటికి చూపుతో సరిపెట్టి, నొప్పి తగ్గాక మిగతాది చేయమని అడగవచ్చు. స్త్రీలు మహిళా డాక్టరును కోరవచ్చు, గదిలో తోడుగా నర్సు ఉండాలని అడగవచ్చు. అడగడానికి సంకోచం వద్దు, అది మీ హక్కు.

వయసు తక్కువై, మొలలు స్పష్టంగా కనిపించి, ప్రమాద లక్షణాలు ఏవీ లేకపోతే ఇది సరిపోతుంది. 45 దాటినా, పైన చెప్పిన హెచ్చరికల్లో ఒకటున్నా, చికిత్స చేశాక కూడా రక్తం ఆగకపోయినా కొలనోస్కోపీ మేలు. అలాంటిదే అయిన సిగ్మాయిడోస్కోపీ పరీక్షకు తయారీ తేలిక, ఖర్చు తక్కువ. కానీ అది పెద్దపేగు ఎడమ భాగాన్నే చూస్తుంది. రక్తహీనతకు కారణం వెతుకుతున్నప్పుడు సగం చూసి వదిలేస్తే లాభం లేదు.

ఇక చికిత్సలు

మొలలకు నాలుగు దశలు. మొదటి దశలో రక్తం వస్తుంది, బయటికి జారవు. రెండో దశలో జారి వాటంతట అవే లోపలికి పోతాయి. మూడో దశలో వేలితో తోయాలి. నాలుగో దశలో తోసినా పోవు. ఏది మేలన్నది తేల్చేది ఈ దశే.

మొదటి రెండు దశల్లో పీచుకు సాటి వచ్చేది లేదు. పీచు పెంచితే రక్తస్రావం కొనసాగే అవకాశం సుమారు సగానికి తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. రోజుకు 25–30 గ్రాముల పీచు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపే. జొన్నల్లో సుమారు 10, రాగుల్లో 11, జామపండులో 8 గ్రాములకు పైనే. రెండు పూటలా తెల్లన్నం, పప్పుచారుతో గడిచే ఇంట్లో ఒక పూట జొన్నరొట్టె గాని రాగి సంకటి గాని, సాయంత్రం ఒక జామకాయ చేరితే లెక్క ఎంతో మారుతుంది. చాలకపోతే ఇసబ్గోల్ పొట్టు. దానితో పాటు నీళ్లు తగినన్ని తాగాలి, లేకుంటే కడుపు బిగుస్తుంది. కంద మొలలకు మంచిదంటారు. కూరగా తినండి, మందుగా నమ్ముకోకండి. కారం మొలలను పుట్టించదు, చీలిక ఉన్నవారికి మాత్రం మంట పెంచుతుంది. మరుగుదొడ్డిలో ఫోను పట్టుకుని కూర్చోవడం మానేయాలి. ముక్కుతూ ఎక్కువసేపు కూర్చోవడమే మొలలను కిందికి లాగుతుంది.

పీచుతో తగ్గని మొదటి, రెండో దశ మొలలకూ, మూడో దశలో కొన్నింటికీ రబ్బరు బ్యాండు వేస్తారు. మత్తు అక్కర్లేదు, అదే రోజు ఇంటికి పోవచ్చు. మొల మొదలుకు చిన్న బ్యాండు బిగిస్తే రక్తం అందక వారం పది రోజుల్లో రాలిపోతుంది. రాలేటప్పుడు కొంచెం రక్తం పడటం మామూలే. తీవ్రమైన నొప్పి, జ్వరం, మూత్రం రాకుండా బిగుసుకుపోవడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బ్యాండు లోపం తిరగబెట్టడం. 2016లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పెద్ద పోలికలో, మొలలకు రక్తం తెచ్చే ధమనులకు కుట్టు వేసినవారిలో ఏడాదికి 30 శాతం మందికి తిరగబెడితే, బ్యాండు వేసినవారిలో 49 శాతం మందికి తిరగబెట్టింది. అయితే అవసరమైనవారికి మరోసారి బ్యాండు వేయడాన్ని కూడా కలిపి చూస్తే ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. ఖర్చు, నొప్పి, సెలవు రోజులు కలిపి చూసుకుంటే నేను ముందుగా బ్యాండునే ఎంచుకుంటాను.

పెద్దగా జారిన మూడో దశ, నాలుగో దశ మొలలకు శస్త్రచికిత్స. ఇక్కడే ప్రకటనల హోరు ఎక్కువ. 1937లో లండన్‌లో మిలిగన్, మోర్గాన్ వివరించిన కోత పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. రెండు వారాలు నొప్పి గట్టిగానే ఉంటుంది. కానీ మొల మళ్లీ రావడం అన్నిటికన్నా తక్కువ. జారిన మొలలను స్టేప్లర్ పరికరంతో పైకి లాగి బిగించే పద్ధతిలో మొదటి రోజుల నొప్పి తక్కువ. రెండేళ్లు గమనిస్తే కోత చేయించుకున్నవారే మేలుగా ఉన్నారని, స్టేప్లర్ వర్గంలో తిరగబెట్టడం ఎక్కువని 2016 నాటి మరో బ్రిటన్ పరిశోధనలో తేలింది. లేజర్‌లో నొప్పి తక్కువ, పనికి త్వరగా పోవచ్చు. దీర్ఘకాలంలో కోతతో సమానమని నిరూపణ కాలేదు. బాగా జారిన నాలుగో దశకు లేజర్‌ను ‘శాశ్వతం’ అని అమ్మితే నమ్మవద్దు.

ఆయుర్వేద క్షారసూత్రం, అంటే మందు పూసిన దారం, గురించి కూడా చాలామంది అడుగుతారు. దానికి గట్టి ఆధారం ఉన్నది భగందరానికి (ఫిస్టులా, మలద్వారం పక్కన చీము కారే రంధ్రం). భారత వైద్య పరిశోధన మండలి 1991లో ప్రచురించిన పరిశోధనలో క్షారసూత్రం వేసినవారికి మానడానికి ఎక్కువ వారాలు పట్టినా, తిరగబెట్టడం కోతకన్నా తక్కువ. భగందరం, మొలలు వేర్వేరు జబ్బులు. దాని ఫలితాన్ని దీనికి అంటగట్టకూడదు. చేయించుకుంటే అర్హత ఉన్న ఆయుర్వేద శల్య వైద్యుడి దగ్గరే.

ఏ అర్హతా లేని ‘పైల్స్ స్పెషలిస్టు’ ఇచ్చే ఇంజెక్షన్, పూసే పసరు ఈ పోలికలో చోటుకే తగవు. ఏం ఎక్కిస్తున్నారో చెప్పరు. చర్మం కాలి, మలద్వారం సన్నబడి, ఆఖరికి మలాన్ని ఆపుకునే శక్తి పోయి ఆసుపత్రులకు చేరినవారున్నారు. వాళ్లకు మొదట ఉన్నది బ్యాండుతో పోయే జబ్బే కావచ్చు.

శస్త్రచికిత్సకు సంతకం పెట్టే ముందు డాక్టరును అడగండి: నావి ఏ దశ మొలలు, బ్యాండు ఎందుకు చాలదు, రెండేళ్లలో తిరగబెట్టే అవకాశం ఎంత. ఖర్చు భారమైతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో కనుక్కోండి. చికిత్స అయిన ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ రక్తం కనిపిస్తే పాత చీటీ చూపించి పాత మందే కొనుక్కోకుండా, మళ్లీ పరీక్ష చేయించుకోండి.