చేపల తొట్టికి కార్బన్ డయాక్సైడ్ గొట్టం: సిలికాన్, పీవీసీ, పీయూలలో ఏది మేలు?

చేపల తొట్టిలో మొక్కలు పెంచేవారిలో చాలామంది పంచదార, ఈస్టు కలిపిన సీసాతోనో, నిమ్మ ఉప్పు, వంట సోడా నింపిన జంట సీసాలతోనో ఇంట్లోనే కార్బన్ డయాక్సైడ్ తయారు చేసుకుంటారు. పాళ్ల గురించి ఎంతో ఆలోచిస్తారు. గొట్టం దగ్గరికి వచ్చేసరికి చేతికందినది తగిలిస్తారు. నేను గాలి పంపుకు వాడే మెత్తటి సిలికాన్ గొట్టం పెట్టి, మొక్కలు ఎదగక, నెలన్నర పాటు ఈస్టునే అనుమానించాను. మూతకూ అతుకులకూ సబ్బు నీళ్లు రాసి చూస్తే ఎక్కడా ఒక్క బుడగ లేదు.

సిలికాన్‌తో చిక్కు అదే. వాయువు కన్నం వెతుక్కుని బయటికి రాదు. గొట్టం గోడలో కరిగి, అవతలి వైపు నుంచి మెల్లగా వెళ్లిపోతుంది. సబ్బు నీటికి అది దొరకదు. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు, గోడ మందం 1 మిల్లీమీటరు ఉన్న మీటరు గొట్టానికి లెక్క వేస్తే, రోజుకు 2 లీటర్లకు పైగా పోతుంది. 200 గ్రాముల పంచదార పూర్తిగా పులిసినా వచ్చే వాయువు 50 లీటర్ల పైచిలుకు, అదీ రెండు మూడు వారాల మీద. అంటే రోజూ పుట్టేదానిలో సగానికి పైగా గదిలోకే పోతోందన్నమాట. గాలి పంపుకు ఈ నష్టం లెక్కలోకి రాదు, పంపు ఎంతైనా తోస్తుంది. ఈస్టు సీసాకు అంత శక్తి లేదు.

పీవీసీ గొట్టం గోడ గుండా పోయేది దీనిలో చిన్న వంతు మాత్రమే. ధర తక్కువ, ఏ అక్వేరియం దుకాణంలోనైనా దొరుకుతుంది. మందుల దుకాణంలో కొత్తగా కొన్న సెలైన్ సెట్టు గొట్టం కూడా పీవీసీ రకమే. కాకపోతే కొన్నాళ్లకు పచ్చబడి బిరుసెక్కుతుంది, అతుకు దగ్గర పగులుతుంది. అందుకే ఏడాదికోసారి మార్చేయడం మంచిది.

పీయూ, అంటే పాలియురెథేన్ గొట్టం, కంప్రెసర్ గాలి కోసం తయారైనది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట మీటర్ల లెక్కన అమ్ముతారు. బయటి వ్యాసం 6, లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు ఉన్నది అడగండి. గట్టిగా ఉంటుంది కాబట్టి వేడి నీళ్లలో కాసేపు ముంచితే గాని అతుకు మీదికి ఎక్కదు. ఎక్కిందంటే ఒత్తిడికి ఊడదు. సీసా మూతకు కాస్త చిన్న రంధ్రం చేసి లాగినప్పుడు కూడా ఇదే బిగుతుగా పడుతుంది. మెత్తటి సిలికాన్ అక్కడ జారిపోతుంది.

ఈస్టు సీసాకు పీవీసీ చాలు, డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు. నిమ్మ ఉప్పు, వంట సోడా సీసాల్లో ఒత్తిడి బాగా పెరుగుతుంది, అక్కడ మాత్రం పీయూ తప్ప మరొకటి పెట్టవద్దు. ఏ గొట్టమైనా అవసరమైనంత పొడవే ఉంచి, తొట్టి నీళ్లు వెనక్కి సీసాలోకి రాకుండా మధ్యలో చెక్ వాల్వు బిగించాలి.

సిలికాన్‌ను పారేయకండి. తొట్టి లోపల, నీళ్లలో డిఫ్యూజర్ (వాయువును సన్నటి బుడగలుగా చేసి వదిలే పరికరం) దాకా వంపు తిరిగే ఆ జానెడు ముక్కకు అది చక్కగా సరిపోతుంది. అక్కడ గోడ గుండా పోయిన వాయువు కూడా నీటిలోకే చేరుతుంది.