మిడిల్ ఇంగ్లిష్ డిక్షనరీ (మిషిగన్ యూనివర్సిటీ) - నా రివ్యూ

ఇంగ్లిష్ పదాల పుట్టుపూర్వోత్తరాలంటే ఇష్టం ఉన్నవాళ్లు మిషిగన్ యూనివర్సిటీ వాళ్ల మిడిల్ ఇంగ్లిష్ డిక్షనరీ ఒక్కసారైనా ఓపెన్ చేసి చూడండి. లాగిన్ లేదు, డబ్బులు కట్టక్కర్లేదు. సుమారు 1100 నుంచి 1500 దాకా ఇంగ్లిష్‌లో వాడిన మాటల కోసమే తయారుచేసిన నిఘంటువు ఇది, ప్రింటింగ్ 1952లో మొదలై 2001కి గానీ పూర్తవలేదు, అలాంటిది ఇప్పుడు మన ఫోన్‌లో ఫ్రీగా ఉంది.

దీని గొప్ప ఏంటో ఒక్క మాట పట్టుకుని చెప్తాను. ఫకూండ్ అని పాత మాట. చక్కగా మాట్లాడే నేర్పు, మనం వాగ్ధాటి అంటామే, అది. తర్వాత ఫాకండ్ అని కూడా రాశారు, ఇప్పుడు ఎవరూ వాడరు. మామూలు డిక్షనరీ అయితే పాత పదం, అర్థం ఇదీ అని ఒక్క లైన్‌లో తేల్చేస్తుంది. ఇక్కడ అలా కాదు, ఆ కాలం వాళ్ల వాక్యాలే వరసగా పెడతారు, ఏ రచనలోదో ఏ కాలానిదో పక్కనే ఉంటుంది. ఆ దారి పట్టుకుని పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ దగ్గరికి వెళ్లామా, ఇక బయటికి రాబుద్ధి కాదు.

1368లో చనిపోయిన బ్లాంచ్ అనే దొరసానిని తలుచుకుంటూ చాసర్ రాసిన కావ్యంలో, ఆమె మాటంత తియ్యటి ఫకూండ్ ఎక్కడా లేదంటాడు. ఆయనదే కాంటర్‌బరీ టేల్స్ అనే కథల పుస్తకంలో వైద్యుడు చెప్పే కథలో వర్జీనియా అనే పద్నాలుగేళ్ల పిల్ల ఉంటుంది, ఆమె ఫకూండ్ సాదాగా ఉంటుందట, తెలివైనదాన్నని అనిపించుకోడానికి దొంగ మాటలు వాడదట. ఎంత బాగా చెప్పాడో! చాసర్‌దే ఇంకో కావ్యంలో పక్షుల సభ జరుగుతుంది, అందులో నీటిపక్షులన్నీ కలిసి మా తరఫున మంచి ఫకూండ్ ఉన్న బాతమ్మ (గూస్) మాట్లాడుతుందంటాయి, అది నోరు విప్పగానే పెద్దింటి పక్షులు పకపకా నవ్వుతాయి. అదే మాట, దొరసానికీ చెల్లింది బాతుకీ చెల్లింది. ఈ తేడా తెలియాలంటే అర్థం చదివితే చాలదు, వాక్యాలు చూడాలి.

పుట్టుక సంగతి మాత్రం ఇక్కడ చాలా క్లుప్తం, ఫ్రెంచ్, లాటిన్ అని చెప్పి వదిలేస్తారు. దానికి డగ్లస్ హార్పర్ నడిపే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ పక్కన పెట్టుకోండి, అదీ ఫ్రీనే. లాటిన్‌లో ఫారి అంటే మాట్లాడటం, దాన్నుంచే ఫకుందుస్, అంటే వాగ్ధాటి ఉన్నవాడు. పాతకాలపు రోమన్ కవి హొరేస్ ఒక గీతంలో మెర్క్యురీ దేవుణ్ణి ఈ మాటతోనే పిలుస్తాడు. ఫేమ్, ఫేట్, ఫేబుల్ అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే, ఇన్‌ఫంట్ అంటే అసలు ఇంకా మాటలు రానివాడు అని.

కొత్తవాళ్లకి కొంచెం కష్టమే, ముందే చెప్తున్నా. పుస్తకాల పేర్లన్నీ పొట్టి గుర్తుల్లో ఉంటాయి, పాత వాక్యాలకి ఇప్పటి ఇంగ్లిష్ అనువాదం ఉండదు. స్పెల్లింగ్ గురించి మాత్రం భయపడొద్దు, వేరే స్పెల్లింగులతో కూడా వెతికే ఆప్షన్ ఉంది. అసలు లోటు ఏంటంటే 1500 దగ్గర ఆగిపోతుంది, ఈ మాట ఎలా మాయమైందో ఇందులో దొరకదు. నా ఉద్దేశంలో ఇదే అర్థం ఉన్న ఎలొక్వెన్స్ అనే మాట దీని చోటు తినేసింది, పైగా ఫీకండ్ అని సారవంతం అనే అర్థంలో ఇంకో మాట దాదాపు ఇలాగే వినపడుతుంది. ఆ తర్వాతి కథ కావాలంటే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ చూడాలి, చందా కట్టలేనివాళ్లకి అదే డిక్షనరీకి 1901లో హెన్రీ బ్రాడ్లీ ఎడిట్ చేసిన ఎఫ్, జి అక్షరాల వాల్యూమ్ స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది.

ఫ్రెంచ్‌లో ఫకోండ్ ఇంకా బతికే ఉంది గానీ ఎక్కువగా వాగుడు అనే చిన్నచూపుతో వాడతారు. అర్జెంటీనా, ఉరుగ్వే ఫుట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లకి ఫకుందో అనే పేరు తెలిసే ఉంటుంది, అదీ ఈ మాటే. ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా. మొదటిసారి చూసేవాళ్లు ఏ పదం వెతకాలో తెలియకపోతే చాసర్ పద్యం ఒకటి పక్కన పెట్టుకుని అందులో అర్థం కాని మాటలు ఒక్కోటీ కొట్టి చూడండి, అలా అయితే తొందరగా అలవాటవుతుంది.