మాంటే బెల్లో ఆరు ఏళ్లు, మూడు టికెట్లు, ఒక అబద్ధపు రిసోటో

మనిషికి 425 డాలర్లని ప్రకటించి, చివరికి 556 డాలర్లకు పైగా వసూలు చేసిన ఒక విందు గురించి ఈ వివరాలు రాస్తున్నాను. డబ్బు పోయిందన్న ఉక్రోషం ఎలాగూ ఉంది కానీ, ఆ రాత్రి దక్కిన ఒకే ఒక్క గ్లాసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉండటం వల్ల కూడా రాయక తప్పలేదు. విందు జరిగింది కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణంలో, కాస్త పేరున్న ఒక రెస్టారెంటులో. ఆ పేరు ఇక్కడ రాయను. అక్కడ పోసినవి రిడ్జ్ వైనరీ వారి మాంటే బెల్లో వైన్లు, ఆరు వేర్వేరు సంవత్సరాలవి. సీసాలన్నీ రెస్టారెంటు వారు తమ సొంత నిల్వలోంచి తీసినవే. వైనరీకి ఈ ఏర్పాట్లతో ఎలాంటి సంబంధమూ లేదు కనుక, నా ఫిర్యాదులన్నీ వంటింటికీ వడ్డనకూ బిల్లుకూ మాత్రమే చెందుతాయి.

డాలస్ నుంచి శాన్ హోసే వరకు విమానం, మనిషికి 268 డాలర్లు, ఇబ్బంది లేదు. సన్నీవేల్‌లో ఉండే మా బావమరిది ఇంట్లో అతని అత్తమామలు ఇండియా నుంచి వచ్చి ఉన్నందున మేము ఎల్ కమీనో రోడ్డు మీద ఒక మోటెల్‌లో దిగాము. రాత్రికి 189 డాలర్లు, శుభ్రంగానే ఉంది. టికెట్లు మూడు వారాల ముందు కొన్నది బావమరిదే. మా ఆవిడ శాకాహారి, పైగా వైన్ ముట్టదు. వైన్ లేకుండా భోజనం మాత్రం చేసే వారికి వేరే ధర లేదని, ఆమెకూ పూర్తి టికెట్టే కొనాలని చెప్పినప్పుడే మానుకోవలసింది. "అక్క గ్లాసు మనకే కదా బావగారూ" అని అతను నచ్చజెప్పాడు, నేనూ ఆశపడ్డాను.

ఆ విందులో జరిగింది వర్టికల్ టేస్టింగ్, అంటే ఒకే తోట నుంచి, ఒకే పేరుతో వచ్చిన వైన్‌ను వేర్వేరు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టి రుచి చూడటం. తోట మారదు, చేసే పద్ధతి పెద్దగా మారదు, కనుక గ్లాసుకూ గ్లాసుకూ మధ్య కనిపించే తేడా అంతా ఆ ఏడాది ఎండదీ వానదీ, ఆపైన సీసాలో గడిచిన కాలానిదీ. ఒకే చెట్టు బంగినపల్లి పండ్లు ఒక ఏడాది తేనెలా, మరో ఏడాది చప్పగా ఉండటం ఎరిగిన వారికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. కాకపోతే పాతికేళ్ల నాటి మామిడిపండును ఈనాటి పండు పక్కన పెట్టి తినలేము, వైన్‌లో ఆ వీలుంది.

ఉదయం తోట చూసి రావాలన్న ఆలోచన మాత్రం నాదే, దానికి ఎవరినీ తప్పు పట్టవలసిన పని లేకపోయింది. కుపర్టినో దాటాక మాంటే బెల్లో రోడ్డు నాలుగు మైళ్లకు పైగా మెలికలు తిరుగుతూ కొండ ఎక్కుతుంది. ఎదురుగా సైకిలు వచ్చినా గుండె ఝల్లుమనేంత ఇరుకు. మా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది, పైకి వెళ్లాక మాత్రం సిలికాన్ లోయ మొత్తం కాళ్ల కింద పరుచుకుని ఉండటం చూసి అరగంట సేపు కదలలేదు. సుమారు 1,300 అడుగుల నుంచి 2,700 అడుగుల ఎత్తు దాకా పాకిన ఈ తోటలకు పసిఫిక్ సముద్రం 15 మైళ్ల దూరంలోనే ఉంది, నేల అడుగున సున్నపురాయి ఉంది. ఆ చల్లదనం వల్లే ఇక్కడి కాబర్నే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్, కాలిఫోర్నియాలోనే వైన్లకు పేరుమోసిన నాపా లోయలోని వాటిలా 14, 15 శాతం ఆల్కహాల్‌కు పరుగెత్తకుండా, ఎక్కువగా 13 శాతం చుట్టుపక్కలే నిలుస్తుంది. 1885లో ఒసియా పెర్రోనే అనే ఇటాలియన్ డాక్టరు ఇక్కడ 180 ఎకరాలు కొన్నాడు. 1892లో మాంటే బెల్లో పేరుతో తొలి వైన్ వచ్చింది. దానికి కాస్త కిందనే ఉన్న మరో తోటను 1959లో కొన్నది స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేసే శాస్త్రవేత్తలు. అంటే, ఈ కొండ కింద పగలు కోడ్ రాసి సాయంత్రం ఇంకేదో చేద్దామని కలలు కనే మనవాళ్లందరి కన్నా ఆరు దశాబ్దాల ముందే ఆ పని చేసి చూపించినవాళ్లున్నారన్నమాట. 1969లో చేరిన పాల్ డ్రేపర్ స్టాన్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చదివినవాడు. 2016 దాకా ఈ వైన్ అతని చేతి మీదుగానే వచ్చింది. కాలిఫోర్నియా వైన్లను ఫ్రెంచి వైన్లతో పోల్చిన 1976 పారిస్ పోటీలో ఐదో స్థానంలో నిలిచిన 1971 మాంటే బెల్లో, 30 ఏళ్ల తరవాత 2006లో అవే వైన్లను తిరిగి రుచి చూసినప్పుడు మొదటి స్థానానికి వచ్చింది. ముదిరే కొద్దీ మెరుగయ్యే సరుకు అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు, సాయంత్రం మా ఆశంతా దాని మీదే.

సాయంత్రం ఆరున్నరకు వెళ్లేసరికి పొడవాటి బల్లకు అటూ ఇటూ 32 కుర్చీలు వేసి ఉన్నాయి. టికెట్టు మీద ఒక్కో వైన్ 60 మిల్లీలీటర్లు పోస్తామని స్పష్టంగా ఉంది. పక్క బల్ల మీద ఒక్కో సంవత్సరానికి రెండేసి సీసాలు వరుసగా నిలబెట్టారు. బ్యాంకులో ఇరవై ఏళ్లు పనిచేసిన బుద్ధి ఊరుకోదు కదా: రెండు సీసాలంటే 1,500 మిల్లీలీటర్లు, 32 మందికి పంచితే మనిషికి 47 కూడా రాదు, పాత సీసాల అడుగున మిగిలే మడ్డి తీసేస్తే ఇంకా తక్కువ. ఈ లెక్క బావమరిది చెవిలో చెప్పాను. "ఇప్పుడే మొదలుపెట్టకండి బావగారూ" అన్నాడు.

మొదటి వంటకంతో 2018, 2013 కలిపి పోశారు. 2018 పసిబిడ్డ, నేరేడుపండు కొరికినట్టు నోరంతా పట్టుకునే వగరు, దాని వెనక మంచి పులుపు, ఇంకో పదేళ్లు ముట్టుకోకుండా ఉంచవలసిన వైన్. కరువు ఏడాది అయిన 2013 మరీ చిక్కన, మరీ నలుపు, గొంతు దిగాక కూడా నిమిషం పాటు వదలలేదు. రెంటిలోనూ ఒక పరిచిత వాసన తగిలి, అదేమిటో తేలక నేను తంటాలు పడుతుంటే బావమరిది గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "ఎండుకొబ్బరి" అన్నాడు. కోనసీమలో పుట్టిన నాకు ముందు తట్టకపోవడం సిగ్గుచేటు. ఖరీదైన కాబర్నేలను చాలామంది ఫ్రెంచి ఓక్ పీపాల్లో నిలవ చేస్తుంటే, వీరు ప్రధానంగా అమెరికన్ ఓక్‌నే నమ్ముకున్నారు. ఆ చెక్కలోంచే వైన్‌లోకి కొబ్బరి వాసన దిగుతుంది.

రెండో వంటకం మాకు బాతు మాంసం, మా ఆవిడకు పుట్టగొడుగుల రిసోటో. దానితో 2011, 2005. అసలు గొడవ ఇక్కడే. రిసోటో అంటే బియ్యాన్ని కొద్దికొద్దిగా రసం పోస్తూ ఉడికించే వంటకం, ఆ రసం చాలా చోట్ల కోడి ఎముకలతో కాచినదే అయి ఉంటుంది. ఈ దేశంలో పదిహేనేళ్లుగా మోసపోయిన అనుభవంతో మా ఆవిడ వెయిటర్‌ను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అతను "పూర్తిగా వెజిటేరియన్" అన్నాడు. సగం తిన్నాక ఆమె చెంచా కింద పెట్టి, పళ్లెం నా వైపు జరిపి, "ఏమండీ, ఒక్కసారి మీరు చూడండి" అంది. ఒక చెంచా చాలు. పుట్టగొడుగుల కింద కోడి చారు రుచి దాక్కోకుండా ఉంది. వంటింట్లోకి వెళ్లి కనుక్కోమంటే వెయిటర్ పది నిమిషాలకు వచ్చి, మాంసం ముక్కలేవీ వేయలేదని చెప్పాడు. అడిగింది ముక్కల గురించి కాదని నేను గొంతు పెంచాక చెఫ్ స్వయంగా వచ్చి, రసం కోడితో కాచినదేనని, మాలాంటి వారు "వీగన్" అని రాసి ఉండవలసిందని సెలవిచ్చాడు. తప్పు మాదేనన్నమాట! మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఎంత కోపంలో ఉందో పెళ్లయిన వారెవరికైనా తెలుస్తుంది. బావమరిది ముఖం ఎర్రబడి, అక్క వైపు చూడలేక మెనూ కార్డు తిరగేస్తూ కూర్చున్నాడు.

పరిహారంగా వారు తెచ్చి ఇచ్చింది 50 డాలర్ల బహుమతి కార్డు, అదే రెస్టారెంటులో ఆరు నెలల్లోగా వాడుకోవాలి. మాది డాలస్ అని చెప్పినా అదే ఇచ్చి వెళ్లారు. ఆ తరవాత ఆమె తిన్నది రొట్టె, వెన్న. చీజ్ పళ్లెం వచ్చినప్పుడు అసలైన పార్మిజాన్‌ను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారని గుర్తు చేసి నేనే వద్దన్నాను. ఆ మంచిమాటకు కూడా నాకు చూపులే దక్కాయి.

మూడో వంటకం గొర్రె మాంసం, దానితో 2001, 1995. మూడో వంతుకు పైగా మెర్లో అనే మరో ద్రాక్ష కలిసిన 2001 మెత్తగా, దేవదారు పెట్టె తెరిచినట్టుగా హాయిగా ఉంది, ఆ రాత్రి దానికి పేరు పెట్టినవారు లేరు. 1995 కోసం వచ్చినవారే మాలో ఎక్కువ. వైన్ వడ్డించే సొమెలియర్ యువకుడు నాసిరకం మరతో లాగబోతే మొదటి సీసా బిరడా మధ్యకు విరిగింది. పాత బిరడాకు రెండు పలుచని రేకులు పక్కల నుంచి దింపి తీసే పనిముట్టు వేరే ఉంటుంది, అది అతని చేతిలో లేదు. ఎలాగో తీసి, వడకట్టి పోశాడు. రెండో సీసా సులువుగానే వచ్చింది కానీ, అందులోంచి తడిసిన గోనెసంచి వాసన. బిరడాలోని బూజు వల్ల పుట్టే ఈ దోషం ఎంత గొప్ప వైన్‌కైనా పట్టవచ్చు, అది రెస్టారెంటు తప్పు కాదు. దానికి బదులు ఇంకో సీసా తెరవకుండా, మిగిలిన ఒక్కదాన్నే 32 మందికి పంచడం మాత్రం ముమ్మాటికీ వారి తప్పు. మనిషికి 23 మిల్లీలీటర్లు. మా ఊరి గుళ్లో తీర్థం కాస్త ధారాళంగా పోస్తారు.

ఇక ఆ గ్లాసు సంగతి. అప్పటిదాకా మా ఆవిడ గ్లాసులు ఎప్పటికప్పుడు బావమరిదీ నేనూ పంచుకుంటున్నాము కానీ, రిసోటో గొడవలో ఆమె ముందున్న 2011 సంగతి ఇద్దరమూ మరిచాము. మా గ్లాసుల్లో దాన్ని వెంటనే తాగేసి, పలుచగా, పచ్చివాసనగా ఉందని పక్కన పెట్టినవాళ్లమే. కాలిఫోర్నియాలో 2011 చలి ఏడాది, అక్టోబర్ మొదట్లోనే వానలు పడి తోటలన్నిటినీ కంగారు పెట్టిన ఏడాది. బల్ల చుట్టూ ఉన్నవారు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. గంటకు పైగా గాలికి ఉన్నాక, బిల్లు కోసం ఎదురు చూస్తూ యథాలాపంగా దాన్ని నోట్లో పెట్టుకున్నాను. పచ్చివాసన ఎటో పోయింది. చెక్కిన పెన్సిల్ వాసన, ఎండిన తులసి ఆకు, దాని కింద చల్లని నేరేడు రసం, వగరు పట్టులా సన్నగా ఉంది. మాట్లాడకుండా గ్లాసు బావమరిదికి ఇచ్చాను. అతను ఒక గుక్క తాగి, మిగిలింది తిరిగి నాకే ఇచ్చాడు; ఆ రాత్రి నా మీద చూపిన అసలైన గౌరవం అదే.

ఖాళీ సీసా తెప్పించి వెనక అతికించిన కాగితం చదివాను. 2011 నుంచే ఈ వైనరీ వారు వైన్‌లో ఏమేం వాడారో సీసా మీద అచ్చు వేయడం మొదలుపెట్టారు: ద్రాక్ష, తోటలో సహజంగా ఉండే ఈస్టు, ఓక్, కొద్దిగా గంధకం. చట్టం అడగకపోయినా వేస్తున్నారు. దాన్ని మా ఆవిడకు చదివి వినిపిస్తే అప్పుడు నోరు విప్పింది: "సారా సీసా మీద కూడా ఏమేం వేశారో రాశారు. నా పళ్లెంలో ఏముందో రెండుసార్లు అడిగినా చెప్పలేదు."

బిల్లు 1,669 డాలర్ల 61 సెంట్లు. మూడు టికెట్లు 1,275, దాని మీద 20 శాతం సర్వీస్ చార్జి 255, ఆ మొత్తం మీద 9.125 శాతం పన్ను. దాచిపెట్టే ఇలాంటి అదనపు రుసుములను కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి చట్టం నిషేధించింది కానీ, స్పష్టంగా కనబడేలా రాస్తే చాలని రెస్టారెంట్లకు మినహాయింపు ఇచ్చారు. వీరు రాశారు, మెనూ వెనక పక్క, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇది చాలక కార్డు యంత్రం మళ్లీ 18, 20, 22 శాతం టిప్ అడిగింది. సున్నా నొక్కాను.

ఇలాంటి విందుకు వెళ్లదలచినవారు టికెట్టు కొనేముందే ఎంతమంది వస్తారు, ఒక్కో సంవత్సరానికి ఎన్ని సీసాలు తెరుస్తారు, చెడిన సీసాకు బదులు ఉందా అని రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే వెళ్లవద్దు. నా మట్టుకు నేను మళ్లీ ఆ పని చేయను. మాంటే బెల్లో కొత్త సంవత్సరం సీసానే 250 డాలర్లు దాటుతుంది, నిజమే. అయినా ఆరుగురు మిత్రులు కలిసి మూడు వేర్వేరు సంవత్సరాలు కొంటే, ఒక్కొక్కరికి ఒక్కో ఏడాదిది 125 మిల్లీలీటర్లు వస్తుంది, గంట ముందే తెరిచి గాలికి ఉంచుకోవచ్చు, వంట మన చేతిలో ఉంటుంది. వంటలో పచ్చిమిర్చి మాత్రం తగ్గించాలి. కారం నోట్లో ఉండగా ఈ వగరు మంటలా తగులుతుంది.

బావమరిది ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండున్నర. అతని అత్తగారు ఇంకా మేలుకునే ఉండి, సంగతి విని, మాటాడకుండా పెరుగన్నం కలిపి మాగాయ టెంకతో పళ్లెం మా ఆవిడ చేతికిచ్చారు. రెండోసారి వడ్డించుకుంటూ మా ఆవిడ తలెత్తి, మొత్తం ఎంతయిందని అడిగింది. నేను 425 అన్నాను. తమ్ముడు అప్పుడే ఫోనులో బిల్లు ఫోటో ఆమెకు పంపేశాడని నాకు ఆ తరవాతే తెలిసింది.