నైరోబీలో ఇల్లు: పేట పేరు తరవాత, ముందు కుళాయి తిప్పండి

నైరోబీకి ఉద్యోగం మీద వచ్చేవాళ్ళకి ఆఫీసువాళ్ళు పంపే ఫోటోల్లో మొదట ఉండేది కిలిమానీ అనే పేట. పన్నెండో అంతస్తు, అద్దాల బాల్కనీ, డాబా మీద ఈతకొలను. రెండు పడకగదులకి నెలకి ఏ 75,000 షిల్లింగులో అంటారు. షిల్లింగు మన అరవై ఐదు, డెబ్బై పైసల దగ్గర ఆడుతుంటుంది కాబట్టి యాభై వేల రూపాయల అటూఇటూ. గచ్చిబౌలి అద్దెలు కట్టినవాళ్ళకి ఇది అన్యాయంగా ఏమీ అనిపించదు. ఇంట్లోవాళ్ళు ఈతకొలను ఫోటో చుట్టాలందరికీ పంపేస్తారు కూడా.

ఫోటోలో రానిది బాత్రూములో గోడవారగా పెట్టిన ఇరవై లీటర్ల పసుపుపచ్చ డబ్బాల వరస. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ డబ్బాలు కనబడితే ఇంకో ప్రశ్న అడగక్కర్లేదు. ఆ బిల్డింగులో నీళ్ళు ఉండవు. తెలివైన ఏజెంటు వాటిని ముందురోజే పనిమనిషి గదిలోకి తోయించేస్తాడు. ఇక్కడ ప్రకటనల్లో డీఎస్‌క్యూ అని రాసేది ఆ గదినే. దాని తలుపు కూడా తీయించి చూడండి.

ఎందుకిలా అంటే, ఊరికి వచ్చే నీళ్ళలో పెద్ద వాటా మురంగా జిల్లాలోని న్డకైనీ డ్యామ్‌ది. అది చాలదు. అందుకే నీళ్ళ సంస్థ ఏ పేటకి వారంలో ఏయే రోజులు వదులుతుందో పట్టిక వేసి ఇస్తుంది. కిలిమానీలో ఒకప్పుడు అర ఎకరంలో ఒక బంగళా ఉండేది. ఇప్పుడు అదే స్థలంలో ఎనభై ఫ్లాట్లు లేస్తున్నాయి. కాబట్టి ప్రతి బిల్డింగూ బోరు వేసుకుంటుంది, పక్క బిల్డింగు ఇంకాస్త లోతుకి వేస్తుంది. మనకి తెలియని కథ కాదు. బోరూ ఎండితే పదివేల లీటర్ల ట్యాంకరు పిలుస్తారు, దాన్ని ఇక్కడ బౌజర్ అంటారు. ఆ ఖర్చు మెయింటెనెన్సు ఖాతాలో మీ నెత్తికే వస్తుంది.

చూడ్డానికి మధ్యాహ్నం మూడింటికి రమ్మంటారు. వెళ్ళకండి. పొద్దున్న ఆరున్నరకి, అందరూ స్నానాలకి దిగే వేళకి వెళ్ళాలి. వంటింటి కుళాయి, షవరు ఒకేసారి తిప్పండి. పై అంతస్తు ఫ్లాటయితే మరీ జాగ్రత్త. ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే ఉంటుంది కాబట్టి నీళ్ళకి వేగం ఉండదు. ఇక్కడ చాలా ఇళ్ళలో గీజరు ఉండదు, షవరు తలకాయలోనే హీటరు బిగిస్తారు. నీటి ఒత్తిడి చాలకపోతే అది అంటుకోదు, గుర్రుమని ఆగిపోతుంది. దాని విలువ జూలైలో తెలుస్తుంది. నైరోబీ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. జూన్, జూలైల్లో రాత్రిళ్ళు పది, పన్నెండు డిగ్రీలకి దిగుతుంది, రోజుల తరబడి ఎండ మొహం కనబడదు. మే నెలలో విజయవాడ ఎండ నుంచి పారిపోయి వచ్చిన అత్తగారు రెండో వారానికే టిక్కెట్టు ముందుకి జరపమని అడిగేది ఇక్కడే. ఫ్యాను, ఏసీ ఊసు అక్కర్లేదు. తూర్పు కిటికీ ఉన్న పడకగది అడగండి.

బోరు నీళ్ళ గురించి నల్గొండ జిల్లావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నైరోబీ బోర్లలో చాలావాటిలో ఫ్లోరైడు ఎక్కువ. కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు దానికి పనికిరాదు, ఆర్‌ఓ కావాలి. లేదంటే ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకోవాలి. పళ్ళు రాబోయే వయసు పిల్లలుంటే వంటకి కూడా ఆర్‌ఓ నీళ్ళో, క్యాను నీళ్ళో వాడండి. బిల్డింగువాళ్ళ దగ్గర బోరు నీటి పరీక్ష కాగితం ఉంటుంది, అడిగి చూడండి. "నీళ్ళు మంచివే సార్, మేమూ అవే తాగుతాం" అన్నది జవాబు కాదు.

కరెంటు దగ్గర ఒక్క మాట పట్టుకోవాలి. ప్రకటనలో "జనరేటరు ఉంది" అంటే చాలాచోట్ల అర్థం లిఫ్టుకీ, మెట్ల దీపాలకీ ఉందని. ఫ్లాట్లోకి వస్తుందా, నీళ్ళ మోటారు దాని మీద నడుస్తుందా అని విడివిడిగా అడగండి. మోటారుకి లేకపోతే కరెంటు పోయిన సాయంత్రానికే పై ట్యాంకు ఖాళీ. మీటరు ప్రీపెయిడ్. ఫోనులోంచి డబ్బు పంపే ఎం-పెసాలో పేబిల్ (బిల్లులు కట్టే) నంబరు 888880కి డబ్బు కడితే 20 అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని మీటరులో కొట్టాలి. ఈ నంబరు కాకుండా ఓనరు ఇంకేదో నంబరుకి కట్టమంటే అది చాలావరకు ఓనరు బిగించిన సబ్‌మీటరే. యూనిట్ రేటు అతని ఇష్టం.

ఇక పేటలు.

నా ఓటు పార్క్‌లాండ్స్‌కి. బిల్డింగులు పాతవి, లిఫ్టు లేని నాలుగంతస్తులు, వంటింట్లో పాత టైల్స్. ఫోటోల్లో పేలవంగా ఉంటుంది, అందుకే కొత్తవాళ్ళు ముందు మొహం చిట్లిస్తారు. కానీ గదులు పెద్దవి, నేల చెక్కది, గాలి ఆడుతుంది. రెండు పడకగదులవి 50,000 నుంచి 80,000 మధ్య దొరుకుతాయి. ఇటు న్గారా, అటు పార్క్‌లాండ్స్ చాలాకాలంగా భారతీయుల పేటలు. వీధులకి పేర్లు కూడా ఫస్ట్ నుంచి సిక్స్త్ పార్క్‌లాండ్స్ అవెన్యూ దాకా అంకెలే. ఆగా ఖాన్ ఆసుపత్రి థర్డ్ అవెన్యూలో ఉంది, ఎంపీ షా కూడా దగ్గరే. రాత్రి పిల్లాడికి జ్వరం వస్తే ట్రాఫిక్ తో సంబంధం లేకుండా వెళ్ళగలగడం చిన్న విషయం కాదు.

తిండి సంగతి అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. పార్క్‌లాండ్స్‌లోని డైమండ్ ప్లాజా దుకాణాల్లో ఇడ్లీ రవ్వ, చింతపండు, ఇంగువ, పప్పులు అన్నీ ఉంటాయి. లిమురు రోడ్డు పక్క సిటీ పార్క్ మార్కెట్లో కరివేపాకు, బెండకాయ, ములక్కాడ, బీరకాయ కుప్పలుగా పోసి ఉంటాయి. అమ్మే ఆవిడ కాయల్ని గుజరాతీ పేర్లతో పిలుస్తుంది, మనం చూపుడువేలితో చూపిస్తే చాలు. కందిపప్పు ఇక్కడి పంటే, మచాకోస్ వైపు విస్తారంగా పండిస్తారు. బియ్యం దగ్గర మాత్రం సర్దుకోవాలి. మ్వేయా పిషోరీ కమ్మగా వాసనేస్తుంది, పులావుకి బ్రహ్మాండం. రోజూ పప్పు, చారులో కలుపుకోవడానికి ఆ వాసన కొందరికి నచ్చదు, నాలుగో రోజుకి ఇంట్లో సణుగుడు మొదలవుతుంది. సిటీ పార్క్ వైపు ఇల్లయితే వంటింటి కిటికీకి జాలీ బిగించుకోండి. పార్కులో కోతులున్నాయి, అరటిపండు కోసం వచ్చి పెసరట్టు ఎత్తుకుపోతాయి.

వెస్ట్‌లాండ్స్ పక్కనే, నడిచి వెళ్ళేంత దూరం. ఆఫీసులు ఎక్కువ అక్కడే. సరిత్ సెంటర్ లాంటి మాల్స్ ఉన్నాయి. ఆఫీసు అక్కడైతే ఇల్లు కూడా అక్కడే అనుకుంటారు, శుక్రవారం రాత్రి దాకా. క్లబ్బుల పాటలు తెల్లవారుజామున నాలుగింటికి కూడా కిటికీ అద్దాలు వణికిస్తాయి. వుడ్‌వేల్ గ్రోవ్, మ్పాకా రోడ్డు దగ్గరి ఫ్లాటుని శుక్రవారం రాత్రి పదకొండింటికి ఒకసారి చూడకుండా సంతకం పెట్టకండి. బ్రహ్మచారులకైతే అడ్డు చెప్పను.

కిలెలేష్వా, లావింగ్టన్ ప్రశాంతం, చెట్లు, డబ్బు. లావింగ్టన్‌లో ఒక మోసం ఉంది. ప్రకటనలో లావింగ్టన్ అని ఉంటుంది, కారు దిగితే కవాంగ్వారే అనే పేదల బస్తీ అంచు. ఇల్లు చెడ్డదని కాదు, కట్టేది మాత్రం లావింగ్టన్ అద్దె. పేరు నమ్మకుండా మ్యాప్ పిన్ అడగండి. పిన్ పంపకుండా "జంక్షన్ దగ్గరికి రండి, తీసుకెళ్తాను" అంటే సంగతి అదే.

కిలిమానీ, కిలెలేష్వాల్లో పక్క ఖాళీ స్థలం కూడా చూడాలి. చుట్టూ మబాతీ రేకులు కట్టి ఉంటే త్వరలో అక్కడ ఇరవై అంతస్తులు లేస్తాయి. మీకు రెండేళ్ళు దుమ్ము, రాళ్ళు కొట్టే చప్పుడు, ఆ తరవాత బాల్కనీ ఎదురుగా గోడ. రేకుల మీద అనుమతుల బోర్డు ఉంటుంది, ఎన్ని అంతస్తులో అందులోనే రాసి ఉంటుంది.

సౌత్ బి, సౌత్ సి చవక. 35,000 నుంచి 55,000కి మంచి రెండు పడకగదుల ఇల్లు వస్తుంది. మొంబాసా రోడ్డు, ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసేవాళ్ళకి ఇంతకన్నా దగ్గర లేదు, ఇరుగుపొరుగు కూడా కలుపుగోలు. కానీ నేల తేడా చూడండి. ఊరికి పడమట ఎర్రమట్టి, నీళ్ళు ఇంకిపోతాయి. తూర్పు, దక్షిణాన నల్లరేగడి, నీళ్ళు నిలబడతాయి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. 2024 ఏప్రిల్, మే నెలల్లో వరదలు ఊరిని ముంచినప్పుడు ఈ తేడా అందరికీ తెలిసొచ్చింది. సౌత్ సిలో గ్రౌండ్ ఫ్లోరు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. కాంపౌండు గోడ మీద మోకాలెత్తున మట్టి గీత కనబడుతుందేమో చూడండి. కొత్తగా సున్నం వేసి ఉంటే ఎదురింటి గోడ చూడండి.

స్యోకిమావు ఇంకా చవక, ఇంకా దూరం. కారెన్, రుండా అద్దె ఆఫీసు కట్టేవాళ్ళకి.

దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టకండి. మ్లోలొంగో నుంచి వెస్ట్‌లాండ్స్ దాకా 27 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే 2022లో తెరిచారు. పూర్తి దూరానికి కారుకి 500 షిల్లింగుల దాకా టోల్. రోజూ రానూ పోనూ అయితే నెలకి ఇరవై వేలు దాటుతుంది. స్యోకిమావులో అద్దెలో మిగిలింది ఆ గేటు దగ్గరే కట్టేస్తారు. కింద రోడ్డు ఉచితమే, వానొస్తే గంటన్నర. ఐక్యరాజ్యసమితి ఆఫీసులున్న గిగిరికి వెళ్ళేవాళ్ళకి పార్క్‌లాండ్స్ నుంచి లిమురు రోడ్డు ఒక్కటి పట్టుకుంటే చాలు. చీకటి పడ్డాక నడక పెట్టుకోకండి, ఎంత మంచి పేటయినా. పగలు కూడా రోడ్డు అంచున ఫోను చెవిన పెట్టి నిలబడితే బోడాబోడా (అద్దె మోటారుసైకిలు) మీద వచ్చి లాక్కుపోతారు.

దిగగానే ఏడాది ఒప్పందం రాసుకోవద్దు. మొదటి నెల ఫర్నిచరు ఉన్న అద్దె ఫ్లాటులో ఉండండి. వెస్ట్‌లాండ్స్, కిలిమానీల్లో రోజుకి 4,000 నుంచి 7,000, నెలకి మాట్లాడుకుంటే బాగా తగ్గిస్తారు. ఖర్చనిపిస్తుంది గానీ చెడ్డ ఇంటి డిపాజిట్ కన్నా తక్కువే.

ఇల్లు చూపించినందుకు ఐదొందలో వెయ్యో "వ్యూయింగ్ ఫీజు" అడిగేవాడిని వదిలేయండి. వాడి వ్యాపారం చూపించడమే, అద్దెకివ్వడం కాదు. ఇంకో పద్ధతి: "చాలామంది అడుగుతున్నారు, పదివేలు పంపితే పట్టి ఉంచుతా." ఎం-పెసాలో పంపేముందు ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో కనబడుతుంది. ఆ పేరు, ఒప్పందంలో ఓనరు పేరు ఒకటి కాకపోతే పంపకండి. డిపాజిట్ ఒక నెలో రెండు నెలలో, సర్వీసు చార్జీ అద్దెలో కలిసిందో లేదో, లాయరు ఫీజు ఎవరిదో, ఏడాదికి ఎంత శాతం పెంచుతారో అన్నీ కాగితం మీదికి రావాలి.

డిపాజిట్ పోయేది ఎక్కువగా రంగు దగ్గర. ఖాళీ చేసేటప్పుడు ఇల్లంతా రంగు వేయించాలని ఒప్పందంలో ఒక లైను ఉంటుంది, ఓనరు తన ఫుండినే (పనివాణ్ణే) పిలిచి తనకి తోచిన లెక్క వేస్తాడు. చేరేటప్పుడే కేర్‌టేకర్ని పక్కన నిలబెట్టుకుని ప్రతి గోడా, ప్రతి కుళాయీ, వంటగట్టు పగుళ్ళూ ఫోటో తీసి అదేరోజు ఓనరుకి పంపండి. రంగు మీరే మీ ఫుండితో వేయించుకోవచ్చని ఒక వాక్యం చేర్పించండి. తాలింపు పెట్టే ఇల్లు కదా, పొయ్యి వెనక గోడకి ఎలాగూ రెండు పూతలు పడతాయి.