పెయింట్ ముట్టుకోకుండా డెంట్ తీస్తామని ఇంటికొచ్చేవాళ్లతో జాగ్రత్త: మొన్న శనివారం నాకు జరిగింది ఇది

రెండు రోజులైనా కోపం తగ్గలేదు, అందుకే ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి. వాళ్ల పేరు రాయడం లేదు. వైజాగ్‌లో కారున్నవాళ్లు చాలామంది ఇలాంటి వీడియోలు ఫోన్లో చూసే ఉంటారు. రాడ్ పెట్టి నొక్కగానే డోర్ మీద గుంట మాయమైపోతుంది, కింద "ఇంటికే వచ్చి చేస్తాం, పుట్టీ లేదు, పెయింట్ లేదు" అని ఉంటుంది. నేనూ అవే చూసి పిలిచాను.

గుంట చిన్నదే. ఎంవీపీ కాలనీ రైతుబజార్ బయట ఆపితే ఎవరిదో బండి హ్యాండిల్ తగిలింది. వెనక ఎడమ డోర్ మీద నిమ్మకాయ పట్టేంత లొత్త. పెయింట్ ఎక్కడా లేవలేదు. గోరు పెట్టి అటూ ఇటూ గీసి చూశాను, ఎక్కడా తగల్లేదు. ఇన్సూరెన్స్ ఎందుకు వాడుకోలేదని అడుగుతారు. నాది స్విఫ్ట్, 1500 సీసీ లోపు కాబట్టి ఎలాగూ మొదటి వెయ్యి మనమే పెట్టుకోవాలి. పైగా నాలుగేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా లేకుండా లాగితే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 45 శాతానికి వచ్చింది, ఈ ఏడాది గడిస్తే 50. ఒక్క గుంట కోసం దాన్ని సున్నా చేసుకోబుద్ధి కాలేదు.

వాట్సాప్‌లో ఫొటోలు పంపాను. 2,800 అన్నాడు, వెయ్యి అడ్వాన్స్ వేశాను. "డ్రిల్లింగ్ ఏమైనా ఉంటుందా?" అని అడిగాను కూడా. "అస్సలు ఉండదు మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ పెయింట్‌లెస్" అని మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

ఈ పద్ధతే మోసం అని నేను అనడం లేదు. పని తెలిసినవాళ్లు చేస్తే నిజంగానే అవుతుంది, మా తమ్ముడి కారుకి అయింది. అద్దం దించి, ఆ సందులోంచి సన్నటి రాడ్ లోపలికి పంపి, రేకుని వెనక నుంచి కొద్దికొద్దిగా నెడతారు. పక్కన గీతల లైట్ పెట్టుకుని, డోర్ మీద ఆ గీతల నీడ ఎక్కడ వంకర పోతోందో చూస్తూ, అది తిన్నగా అయ్యేదాకా నొక్కుతూనే ఉంటారు. రాడ్ అందని చోట వేడి గమ్‌తో ప్లాస్టిక్ బిళ్లలు అంటించి బయటి నుంచి లాగుతారు. కంపెనీ పెయింట్ అలాగే మిగులుతుంది, అందుకే ఈ పద్ధతికి అంత పేరు. కాకపోతే ఓపిక కావాలి. నిమ్మకాయంత గుంటకి కూడా గంట, రెండు గంటలు పట్టొచ్చు.

శనివారం పదకొండింటికి వచ్చాడు, వెంట ఇంకో కుర్రాడు. సెల్లార్‌లో మొదలుపెట్టారు. మొదటి అరగంట నేను పక్కనే నిలబడ్డాను. గమ్ బిళ్ల అంటించి లాగాడు, గుంట సగం లేచింది. తర్వాత ఆ బిళ్లని చేత్తో మెలిపెట్టి పీకేశాడు. తమ్ముడి కారుకి చేసినాయన స్పిరిట్ స్ప్రే చేసి, గమ్ మెత్తబడి దానంతట అది వదిలేదాకా ఆగడం నా కళ్లతో చూశాను. మరి ఇతనెందుకు అలా పీకుతున్నాడని అడగాలనిపించింది. అడగలేదు. పని తెలిసినవాడు కదా, మధ్యలో ఎందుకులే అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

ఈలోగా అత్తయ్య పిలిచారు, పైకి వెళ్లాను. అన్నం, కూర, పిల్లాడికి స్నానం, అన్నీ అయ్యేసరికి గంటా పావు పట్టింది.

కిందికి దిగి లిఫ్ట్ తలుపు తీయగానే గుప్పున థిన్నర్ వాసన. కారు కనబడకముందే నాకు అర్థమైపోయింది. డోర్ చుట్టూ న్యూస్‌పేపర్లు, మాస్కింగ్ టేపు. కింద నేల మీద బూడిదరంగు పొడి, నలిగిన ఎమిరీ పేపర్ ముక్కలు. కుర్రాడి చేతిలో స్ప్రే డబ్బా. పెయింట్ ముట్టుకోబోమని రాతపూర్వకంగా చెప్పిన మనుషులు నా డోర్‌ని అరచేతి మేర గీకి, పుట్టీ పెట్టి, రంగు కొడుతున్నారు. ఒక్క మాట అడగలేదు. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో దిగేదాన్ని.

"ఏంటిది?" అన్నాను.

"టచప్ మేడమ్, అంతే."

"పెయింట్ లేకుండా అన్నారు కదా?"

"మీ డోర్‌కి ముందే పెయింట్ వేయించారు మేడమ్, అందుకే లేచిపోయింది."

ఆ కారు నేను షోరూమ్‌లో కొన్నాను. నా జీతంలోంచి నేనే ఈఎంఐ కట్టాను. ఆ డోర్‌కి ఇంతవరకు ఎవరూ పెయింట్ వేయలేదు. అదే చెప్పాను. అతను నా వైపు చూడను కూడా చూడలేదు. టేపు పీకుతూ అన్నాడు: "సార్ లేరా మేడమ్? సార్‌ని పిలవండి, ఆయనతో మాట్లాడతా. మీకు చెప్పినా అర్థం కాదు."

డోర్ పాడవడం ఒక బాధ. ఈ మాట దానికంటే ఎక్కువ గుచ్చుకుంది. బుక్ చేసింది నేను, అడ్వాన్స్ కట్టింది నేను, కారు నా పేరు మీద ఉంది. తప్పు అతని చేతిలో కనబడుతుంటే, అడిగే హక్కు మాత్రం ఇంట్లో లేని మా ఆయనకి ఉందట! మిగతా 1,800 ఇచ్చేదాకా బండి తీయనని అక్కడే కూర్చున్నాడు. వాచ్‌మన్, పక్క ఫ్లాట్ వాళ్లు చేరారు. అందరి ముందూ గొడవ ఎందుకని, పిల్లాడు భయపడుతున్నాడని, కట్టేశాను. కట్టకుండా ఉండాల్సింది.

ఎండాక చూస్తే గ్రే మెటాలిక్ మధ్యలో మరక పడినట్టుంది. ఎదురుగా నిలబడితే కాస్త ముదురుగా, పక్క నుంచి చూస్తే తెల్లగా. మెటాలిక్ రంగులో సన్నటి పొడి పలుకులు ఉంటాయి, అవి పరుచుకునే తీరుని బట్టి షేడ్ మారుతుంది. డబ్బాతో ఒక్క ముక్కకి కొడితే కలవదు.

ఈ ఉదయం తెలిసిన బాడీ షాప్‌కి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన పెయింట్ మందం చూసే గేజ్ తెచ్చారు. ముందు డోర్ 112 మైక్రాన్లు, రూఫ్ 108. గుంట ఉన్న చోట 870. "ఇదేటమ్మా, ఇది డెంట్ తీయడం కాదు, పూడ్చడం" అన్నారు. ఫ్రిజ్ అయస్కాంతం తెచ్చి చూపించారు. పక్కన టక్కున అతుక్కున్నది, పుట్టీ మీద పెడితే జారిపోయింది. గమ్ బిళ్లని బలంగా పీకినప్పుడే పెయింట్ లేచి ఉంటుంది, ఆ తప్పు కప్పెట్టడానికి ఇదంతా చేశారని ఆయన అంచనా.

అప్పుడే డోర్ తెరిచి అంచు మీద వేలు పెట్టారు. గొళ్లెం పైన, నల్లటి చిన్న రబ్బరు బిరడా. దాన్ని గోరుతో లాగితే లోపల మెరుస్తున్న పచ్చి రేకు. రాడ్ దూర్చడానికి కన్నం వేశారు. డ్రిల్లింగ్ అస్సలు ఉండదని మెసేజ్ పెట్టినవాళ్లే. దాని అంచుకి చుక్క ప్రైమర్ కూడా పూయలేదు. మాకు సముద్రం కిలోమీటరు దూరం. ఈ ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్స్‌కే ఏటా రంగు వేయించుకుంటాం. ఆ పచ్చి రేకు ఒక్క వానాకాలం కూడా ఆగదని పెద్దాయన అన్నారు. ఇప్పుడు పుట్టీ గీకి, కన్నానికి తుప్పు మందు వేసి, డోర్ మొత్తం పెయింట్ చేయాలి, 6,500. రేపు అమ్మబోతే కొనేవాళ్లు కూడా ఇదే గేజ్ పెడతారు, ఆ డోర్ దగ్గర రేటు తగ్గిస్తారు.

సాయంత్రం అతనికి ఫోన్ చేస్తే రెండు రింగులకే కట్. తర్వాత నంబర్ బ్లాక్. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ రాయించాను.

పిలిచే పనైతే పక్కనే ఉండండి, పైకి వెళ్లకండి. కన్నం, పుట్టీ, స్ప్రే ఏదీ ఉండదని ముందే మెసేజ్‌లో ఒప్పించుకోండి. గేజ్ తెమ్మనండి, పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రీడింగ్ ఫొటో తీసుకోండి. పని అయ్యాక నాలుగు తలుపులూ తెరిచి, అంచుల మీద కొత్త రబ్బరు బిరడాలు ఉన్నాయేమో చూశాకే డబ్బు ఇవ్వండి. పెయింట్ చిట్లి ఉన్నా, ఆ డోర్‌కి ఇదివరకే పుట్టీ పడి ఉన్నా ఈ పద్ధతి జోలికి పోవద్దు.

డోర్ ఫొటోలు, గేజ్ రీడింగ్, చాట్ అన్నీ నా దగ్గర ఉన్నాయి. వచ్చే ఆదివారం దాకా స్లాట్లన్నీ నిండిపోయాయని శనివారం వచ్చీ రాగానే నాతో చెప్పాడు. ఆ స్లాట్లలో మీది ఉంటే, ఈ రాత్రికే క్యాన్సిల్ చేసి అడ్వాన్స్ వెనక్కి అడగండి.