లైట్లు ఆర్పుకుంటూ వచ్చే జాంబీ: ‘రెసిడెంట్ ఈవిల్ రెక్వియమ్’పై తొలి అభిప్రాయం

2026 ఫిబ్రవరి 27న విడుదలకు నిర్ణయించిన భయానక వీడియో గేమ్ ‘రెసిడెంట్ ఈవిల్ రెక్వియమ్’ ఇది రాసేనాటికి నా చేతికి రాలేదు. 2025 జూన్‌లో వచ్చిన మొదటి ట్రైలర్ మొదలుకొని 2026 జనవరిలో దాని తయారీదారు క్యాప్‌కామ్ సంస్థ ఆటను నడిపించి చూపిన ప్రదర్శన దాకా బయటికి వచ్చిన దృశ్యాలను, సంక్రాంతి సెలవుల్లో నల్లగొండలోని మా ఇంటి టీవీ మీద తమ్ముడితో కలిసి ఒకటికి రెండుసార్లు చూసిన తరువాత రాస్తున్నాను. కనుక దీనిని ముందస్తు అంచనాగానే చదువుకోవాలి.

ఆ దృశ్యాలన్నింటిలో నా మనసును వదలని విషయం ఒకటుంది. ఈసారి జాంబీలకు, అంటే లేచి తిరిగే శవాలకు, బతికున్ననాటి అలవాట్లు పోలేదు. రోడ్స్ హిల్ అనే చికిత్సాకేంద్రంలో ఒక జాంబీ లైటు వెలుగుతుంటే ఓర్వలేక, కాళ్లీడ్చుకుంటూ స్విచ్ దగ్గరికి పోయి దానిని ఆర్పేస్తుంది. మరొకటి రక్తపు మరకలంటిన అద్దాన్ని అదే పనిగా తుడుస్తూ నిలబడుతుంది. ఆటగాడు ముందుగా వాటి పనిని గమనించి, ఏది ఎప్పుడు ఎటు తిరుగుతుందో కనిపెట్టుకొని, ఆ సందు చూసి జారుకోవాలి. ఇన్నేళ్లుగా జాంబీ అంటే మన మీదికి వచ్చి పడే మాంసపు ముద్దగానే చూసిన నాకు, దానికీ ఒకప్పుడు నెల జీతం, డ్యూటీ వేళలు ఉండేవని తోచడం కొత్త. మా మేనమామ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ఇరవై ఏళ్లు రాత్రి కాపలా కాశాడు. పని మానేసి ఇంటిపట్టున కూర్చున్న తరువాత కూడా, తెల్లవారుజామున మూడింటికి లేచి, ఎవరు మేల్కొని ఉన్నారో చూడకుండా గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పి మళ్లీ పడుకునేవాడు. మేము నవ్వుకునేవాళ్లం. ఆ జాంబీ స్విచ్ మీద చేయి వేసిన క్షణంలో తమ్ముడు నా వైపు చూశాడు. ఈసారి ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఈ భయానికి తగిన మనిషినే కథానాయికగా తెచ్చారు. గ్రేస్ ఆష్‌క్రాఫ్ట్ అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో విశ్లేషకురాలు. తుపాకీ పట్టడం కన్నా కాగితాలు చదవడం ఎక్కువ తెలిసిన వ్యక్తి. తన తల్లి హత్యకు గురైన హోటల్‌కే ఇప్పుడు వింత మరణాల దర్యాప్తు కోసం వెళ్లవలసి వస్తుంది. ఆ తల్లి అలిస్సా, 2003లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన, ఇదే పరంపరకు చెందిన ‘అవుట్‌బ్రేక్’ ఆటలోని విలేకరి అని పాత అభిమానులు వెంటనే గుర్తుపడతారు. ట్రైలర్లలో గ్రేస్‌ను తలకిందులుగా కట్టేసి రక్తం తీస్తున్న దృశ్యం, ఆ తరువాత లైటర్ వెలుగులో ఆమె వరండా దాటుతుంటే కప్పు మీది నుంచి ఒక భారీ ఆకారం చేయి చాచడం ఉన్నాయి. ఆ ఆకారానికి వెలుతురు సరిపడదు. అంటే ఒకటి వెలుతురును చూసి పారిపోతుంది, ఇంకొకటి వెలుతురును ఆర్పడానికే వస్తుంది. ఈ రెండూ ఒకే చోట చేరితే ఏమవుతుందోనన్న ఊహే నన్ను ఎక్కువగా ఊరిస్తున్నది. దవాఖానలో రోగికి తోడుగా రాత్రంతా బెంచీ మీద కూర్చున్న వారికి, చివరి ట్యూబులైటు టపటపలాడే వరండా ఎంత పొడవుగా కనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

దర్శకుడు కోషి నకానిషి. ఈ పరంపరను 2017లో తిరిగి భయం వైపు మళ్లించిన ఏడవ భాగం కూడా ఆయనదే కావడం నా నమ్మకానికి ఒక కారణం. మొదట దీనిని ఆన్‌లైన్‌లో కలిసి ఆడే ఆటగా తలపెట్టి, తరువాత ఆ ఆలోచనను పక్కన పెట్టేశారట. మంచి పని చేశారు.

నా అనుమానమంతా రెండవ కథానాయకుడి భాగం మీద. ఈ పరంపర కథలో 1998లో క్షిపణి దాడితో నేలమట్టమైన రకూన్ సిటీకి, అప్పుడు పోలీసు ఉద్యోగంలో మొదటి రోజునే ఆ నరకంలో చిక్కుకున్న లియాన్ కెనడీ, యాభైకి దగ్గరపడిన వయసులో తిరిగి వస్తున్నాడు. గ్రేస్ దాక్కుంటూ నడిచే చోట అతడు గొడ్డలితో దెబ్బను అడ్డుకుంటాడు, జాంబీ చేతిలోని రంపాన్ని లాక్కుని దానినే నరుకుతాడు, పైగా పోర్షా కారులో దిగుతాడు. చూడడానికి బ్రహ్మాండంగానే ఉంది. అయితే లైట్లు ఆర్పే ఆ దీనజీవి మీద గంట క్రితం జాలిపడిన ఆటగాడు, గొడ్డలి చేతికి రాగానే దానిని గడ్డి కోసినట్టు కోసుకుంటూ పోతే, అంతసేపు కష్టపడి పేర్చిన భయం ఎక్కడ నిలుస్తుంది? ఉగ్గబట్టిన ఊపిరిని వదలడానికి లియాన్ భాగం వీలు కల్పిస్తుందని తమ్ముడి వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఊపిరి వదలనివ్వకపోవడమే ఏడవ భాగం గొప్పతనమని నా పట్టు.

ఆడే తీరులో మాత్రం ఎంపికలు బాగున్నాయి. గ్రేస్ భాగం ఆమె కళ్లతోనూ, లియాన్ భాగం అతని వీపు వెనుక నుంచీ చూసేలా అమర్చి, ఇష్టమైతే మార్చుకునే వీలునూ ఇచ్చారు. పాత పద్ధతి కోరుకునే వారికి ‘క్లాసిక్’ స్థాయిలో, గ్రేస్‌గా ఆడుతూ అప్పటిదాకా ఆడిన ఆటను అందులోని టైప్‌రైటర్ దగ్గర భద్రపరచుకోవాలంటే దాని రిబ్బన్ ఖర్చు చేయవలసిందే. లోయర్, హయ్యర్ పరీక్షల కోసం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రిబ్బన్ చిరిగేదాకా కొట్టిన తరానికి ఈ పొదుపు బాగా తెలిసినదే. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక, రిబ్బన్ మిగిలి ఉండగానే పోవాలని కోరుకోవడం తప్ప నేను చేయగలిగినది లేదు.

కంప్యూటర్ మీద ఆడదలచిన వారు కనీసం 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660 స్థాయి గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయో లేదో చూసుకోవాలి. మా ఇంట్లో ప్లేస్టేషన్ 5 ఉంది, కంట్రోలర్ మాత్రం ఒకటే. లియాన్ వచ్చినప్పుడల్లా దానిని తమ్ముడికి అప్పగించడానికి ఒప్పుకున్నాను. గ్రేస్ భాగం పూర్తిగా నాదే, అదీ రాత్రి అందరూ పడుకున్నాక, గదిలో లైటు వేసుకొని.